జేజి పిడికిట్లో కొండ

నా చిన్నప్పుడు మా ఊరి వెనక ఒక కొండ ఉండేది. ఆదోని రోడ్డు మీద బస్సు దిగి, పత్తి చేల నడుమ బండ్లబాట పట్టి నడుస్తుంటే ముందు కొండే కనిపించేది, ఊరు తర్వాత. పెద్ద పెద్ద గుండ్రాళ్ళు ఒకదాని మీద ఒకటి ఎవరో ఆడుకుంటూ పేర్చి వదిలేసినట్టు ఉండేవి. అమ్మా నాయనా కూలికి పోతే నన్నూ, మా ఆరు మేకల్నీ చూసుకునేది మా జేజి. నాయన వాళ్ళమ్మను మా వైపు జేజి అంటాం. సన్నగా, నల్లగా, గట్టిగా ఉండేది. ఆమెకు చదువు రాదు, వేలిముద్రే.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు మా అయ్యవారు కొండకు ఉన్న పేర్లన్నీ బోర్డు మీద రాయించాడు. పర్వతం, గిరి, అద్రి, శైలం, అచలం. ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పింది నేనొక్కదాన్నే. ఆ గర్వంతో ఇంటికొచ్చి, చెరుగుతున్న చేట కూడా దించనివ్వకుండా జేజికి పరీక్ష పెట్టినాను.

"జేజీ, కొండకు ఇంగో పేరు సెప్పు."

"యా కొండకు పాపా?" అని అడిగింది.

నాకు నవ్వాగలేదు. ఏ కొండైతే ఏంది, కొండ కొండే కదా! పక్కింటి పిల్లల్ని కూడా పిలిచి, మా జేజికి ఒక్క పేరూ రాదని చెప్పి నవ్వించినాను. జేజి కూడా మాతోపాటు నవ్వింది. అది చూసి, తనకు నిజంగానే ఏమీ తెలీదని నాకు ఇంకా నమ్మకం కుదిరింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం కొండ కింద మేకలు మేపుతుంటే ఒకటి తక్కువైంది. కడుపుతో ఉన్న ఎర్రమేక. ఆ రోజో మరుసటి రోజో ఈనేటట్టు ఉంది. దాని కోసం గబగబా రాళ్ళెక్కబోయి జేజి కాలు మడతపడింది. చూస్తుండగానే మడమ ఉబ్బిపోయింది. కొండలో నక్కలు తిరిగేవి. పొద్దు వాలేలోపల మేకను దించకపోతే పుట్టిన పిల్లలు దక్కవు. ఆ పిల్లల మీద ఇంట్లో అందరం ఆశ పెట్టుకున్నాం. ఒకటి నాదేనని నాయన ముందే మాటిచ్చినాడు.

జేజి ఒక రాతికి ఆనుకుని కూర్చుని, పోవాల్సిన దారి నాకు చెప్పింది. "మిట్ట ఎక్కు. తిప్పను పక్కన పెట్టుకొని పో. కోనలో దిగి మళ్ళీ పైకెక్కితే దొన ఉంటాది. దాని కిందనే గవి. ఆడనే ఉంటాది సూడు."

ఆ మాటల్లో సగం నాకు తెలియవు. మిట్టకూ తిప్పకూ తేడా ఏమిటో తెలీదు. దొన అనే మాట విన్నానే గానీ ఎప్పుడూ చూడలేదు. అడిగితే సరిపోయేది. కానీ మొన్ననే అందరి ముందూ నవ్విన దాన్ని, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను? అన్నీ తెలిసినట్టు తలూపి పరుగెత్తినాను.

కళ్ళకు ఏది ఎత్తుగా కనబడితే అది ఎక్కినాను. మోకాలు చెక్కుకుపోయింది. పైనుంచి చూస్తే దూరంగా ఆదోని మిల్లుల పొగగొట్టాలు కనబడినాయి గానీ మేక జాడ లేదు. పిలిస్తే నా గొంతే రాళ్ళకు తగిలి తిరిగొచ్చేది. చివరికి దిగొచ్చి, అంతా వెతికినాను, యాడా లేదు జేజీ అన్నాను.

జేజి నా మోకాలు వైపు చూసింది. "దొనలో నీళ్ళుండాయా?" అని అడిగింది.

"ఉండాయి."

"ఎంత లోతుండాయి? గిన్నెలో ఉన్నట్టా, బానలో ఉన్నట్టా?"

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. తిడుతుందనుకున్నాను. ఆమె మాత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కొంగుతో మోకాలి రక్తం తుడిచింది. "తెలీదని అడిగితే నోరు పడిపోతాదా పాపా?" అన్నది, అంతే.

తర్వాత తన ఎడమచేతి పిడికిలి బిగించి మోకాలి మీద పెట్టింది. ఇదే మన కొండ అనుకో అన్నది. మణికట్టు దగ్గర ఎత్తుగా ఉన్న నేల మిట్ట. పక్కన పొడుగ్గా పడుకున్న బొటనవేలు తిప్ప, అది ఎక్కాల్సిన పని లేదు. బొటనవేలికీ పిడికిలికీ నడుమ పల్లం కోన. పైన వేళ్ళ గణుపులు గుండ్లు. రెండు గణుపుల నడుమ గుంతలో వాన నీళ్ళు నిలుస్తాయి, అదే దొన. దాని కింద ముడుచుకున్న చూపుడువేలు లోపలి బొరియ గవి. ఈనే మేకకు నీడ కావాలి, దగ్గర్లో నీళ్ళు కావాలి, అందుకే ఆడికే పోయింటాది అన్నది. నా చేత కూడా పిడికిలి పట్టించి, ఒక్కొక్కటీ నాతోనే చెప్పించింది. రెండుసార్లు తప్పు చెప్పినాను. మూడోసారి సరిగ్గా చెప్పినాక నా వీపు మీద తట్టింది.

ఈసారి నా పిడికిలి నా ముందు పెట్టుకుని, దాన్ని చూస్తూ నడిచినాను. మిట్ట దాటినాను. తిప్ప పొడుగునా పోయినాను. కోనలో తంగేడు పొదల్లోంచి దిగి అవతలికెక్కినాను. అంతకుముందు ఉత్త రాళ్ళ కుప్పగా కనబడిన కొండలో ఒక్కొక్క చోటూ విడివిడిగా తెలియసాగింది. రెండు గుండ్ల నడుమ పచ్చటి నీళ్ళు మెరిసినాయి. వంగి కిందికి చూస్తే గవి నోట్లో ఎర్రమేక పడుకుని, అప్పుడే పుట్టిన పిల్లను నాకుతోంది.

నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. "జేజీ! ఈనింది! ఇంగోటి కూడా వస్తాండాది!" అని అరిచినాను.

కింది నుంచి జేజి గొంతు వచ్చింది. "ముట్టొద్దు! దూరంగా కూసో!"

నోరు మూసుకుని కూర్చుని చూసినాను. రెండో పిల్ల బయటికొచ్చి, తడి చెవులు విదిలించుకుని, లేచి, పడి, మళ్ళీ లేచి, తల్లి అనుకుని నా వైపే రెండడుగులు వేసింది. తల్లి దాన్ని నాకి, పాలిచ్చేదాకా ఆగి, రెండింటినీ పావడలో వేసుకుని దిగినాను. మేక నా వెనకే అరుస్తూ వచ్చింది. చెట్టుకొమ్మ ఊతం పట్టుకుని జేజి కుంటుతూ మాకు ఎదురొచ్చింది. ఎండ ఇంకా గుండ్ల మీదనే ఉంది. ఊళ్ళోకి పోతుంటే ఎదురైన ప్రతి ఒక్కరితో, మా పాపే తెచ్చింది, మా పాపే తెచ్చింది అని చెప్పుకుంటూ వచ్చింది జేజి. నేను పక్కింటి పిల్లల్ని మళ్ళీ పిలిచి, ఈసారి మా జేజికి తెలిసినవి చెప్పినాను.

పెద్దయినాక నేను నర్సు పని చేసినాను. చాలా ఏళ్ళు దేవనకొండ చుట్టుపక్కల పల్లెల్లోనే తిరిగినాను. నేను చదివిన పుస్తకాల్లో నొప్పి అని ఒకటే మాట. కూలి పని చేసే ఆడవాళ్ళు మాత్రం సలుపు అనేవాళ్ళు, పోటు అనేవాళ్ళు, తీపు అనేవాళ్ళు. కొత్తగా వచ్చిన డాక్టరొకాయన, అన్నీ ఒకటే, నొప్పి అని రాసుకోమన్నాడు. నేను రాసుకోలేదు. ఒక ముసలామె తన నడుముకు పోటు కాదు, తీపు అని రెండుసార్లు చెప్తే, కలం కింద పెట్టి ఆమె పక్కన కూర్చున్నాను.

"నాకు తెలీదమ్మా. తీపంటే ఎట్లుంటాది, సెప్పు" అన్నాను.

పోటంటే పొడిచినట్టు, తీపంటే నరం పట్టి లాగినట్టు అని ఆమె అరగంట చెప్పింది. ఈ రోజుకీ, నాకు తెలియని మాట ఎవరి నోట విన్నా తెలీదు అన్న ఆ ఒక్క ముక్క చెప్పడానికి నాకు సిగ్గు వేయదు.