ముడి నిలిచే దారం

ఈ ఉదయం మా పక్కింటామె బట్టలారేసే తాడు కట్టి, దాని కొసను అగ్గిపుల్లతో కాల్చింది. నైలాన్ కాలిన ఆ వాసనకు చదువుతున్న పుస్తకం పక్కన పెట్టేశాను. మన కాన్వెంట్ హాస్టల్ అమ్మాయిలూ, జపమాల చివరి ముడిని కొవ్వొత్తి మీద కాల్చినప్పటి వాసన గుర్తుందా?

పూసలు లేకుండా ఉత్త ముళ్లతోనే జపమాల అల్లడం సిస్టర్ నేర్పిన ఏడాది, నానమ్మ కోసం నేను పట్టుదారం ఎంచుకున్నాను. గద్వాలలో చీరలు నేసే వాళ్లింటి నుంచి తెచ్చిన దారం, తళతళలాడేది. సెలవుల్లో ఇంటికెళ్లి మాల అల్లి ఇస్తే, వారం తిరక్కుండానే ముళ్లు జారిపోయాయి. నానమ్మ జపం మధ్యలో లెక్క తప్పి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేది.

"ఏందే, పది ముళ్లల్ల రెండు యాడికి వోయినయ్? మరియతల్లినే అడుగుదమా?" అంది.

నాకు ఏడుపొచ్చింది. మర్నాడు నా భుజం పట్టుకుని వలదారాలు అమ్మే కొట్టుకు వచ్చింది.

"చేపలు వడ్తవా అవ్వా?" అన్నాడు కొట్టాయన.

"నీ లెక్క నోరు దెరిచిన చేప దొరికితే వడ్త."

ఒక్కో దారాన్నీ వేళ్ల మధ్య నలిపి, ముడేసి, గోటితో నెట్టి చూసింది. సన్నది వేలిని కోసింది. లావుది బిగియలేదు. మధ్యరకం నైలాన్ దారం మీద ముడి కదల్లేదు. ఏ రంగు కావాలని నేను అడిగితే, "రంగు నీ ఇష్టం, ముడి నా ఇష్టం" అంది. నీలం తీసుకున్నాను.

ఆ మాల మీద ఆమె ఎన్నడూ లెక్క తప్పలేదు. ఇప్పటికీ దారం కొనేటప్పుడు నేను కళ్లు మూసుకునే ఎంచుతాను.

నానమ్మకు పుట్టుకతోనే చూపు లేదు.