రాతి దవాఖాన మూతబడ్డ ఏడు

దేవకృప చీరాల వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగేనాటికి ఆమెకు పంతొమ్మిదేళ్ళు. నర్సు ట్రైనింగులో సీటు దొరికిందని పాస్టరుగారు కబురు చేస్తే ట్రంకు పెట్టె, పరుపుచుట్ట పట్టుకుని ఒక్కతే బయలుదేరింది. ఆసుపత్రికి పోనిమ్మంటే రిక్షా అతను వెనక్కి తిరిగి, "ఏ దవాఖాన? రాతి దవాఖాననేనా?" అన్నాడు. ఆమెకు ఆ పేరు తెలియదు. సరేనంది.

మోండా మార్కెట్ దాటి మిట్ట ఎక్కితే నల్లరాతి గోడలు, ఎత్తయిన కమానులు, రెండో అంతస్తు మీద పెంకుల కప్పు కనిపించాయి. తెల్లదొరల దండు ఉన్న కాలంలో సిపాయిల కోసం కట్టిన కట్టడం అది. ఊళ్ళో ప్లేగు పడ్డప్పుడు జనానికి తలుపులు తెరిచారట. ప్లేగు పోయింది గానీ జనం రావడం మానలేదు. ఇక చేసేదిలేక దాన్ని ఊరి జనరల్ ఆసుపత్రిగానే ఉంచేశారు. కాగితాల మీద దానికి ఇంకేదో పెద్ద పేరుంది. ఆ పేరుతో పిలిచినవాళ్ళను దేవకృప తన సర్వీసులో చూడలేదు.

ఆమె బతుకంతా ఆ గోడల మధ్యనే నడిచింది. రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తా లూకాతో పెళ్ళయ్యాక ఆసుపత్రి వెనక క్వార్టర్సులో కాపురం పెట్టింది. ఇద్దరు కూతుళ్ళూ అక్కడి ప్రసూతి వార్డులోనే పుట్టారు. కొన్నేళ్ళకు క్యాజువాలిటీ ఆమె చేతికొచ్చింది. రైలు కింద పడి కాలు తెగినవాళ్ళు, పురుగుల మందు తాగినవాళ్ళు, ఒళ్ళు కాలినవాళ్ళు మొదట వచ్చి పడేది ఆ గదిలోకే. డాక్టర్లు వచ్చారు, బదిలీల మీద పోయారు. ఆమె మాత్రం కదల్లేదు. బజారులో ఆమె పేరు ఎవరికీ తెలియదు. సిస్టరమ్మ అంటే చాలు.

మోండా మార్కెట్‌లో కొత్తిమీర, పుదీనా అమ్మే కమలాబాయి ఒకరోజు నెత్తిమీద గంపతోనే క్యాజువాలిటీలోకి నడిచి వచ్చింది. నొప్పులు మొదలై చాలాసేపయినా సరుకు వాడిపోతుందని బేరాలు ఆపలేదట. పై వార్డుకు తీసుకుపోయే వ్యవధి కూడా ఇవ్వకుండా స్ట్రెచర్ మీదే కొడుకును కన్నది. వాడే తుకారాం. ఆనాటి నుంచీ ఆమెకు దేవకృప అయినమనిషి అయిపోయింది. పొద్దుగూకి బజారు కట్టేశాక మిట్టెక్కి వచ్చి క్యాజువాలిటీ మెట్ల మీద కూర్చునేది.

"నా కొడుకు నీ చేతుల పడ్డడు సిస్టరమ్మా. నేను పోయేటప్పుడు సుత నీ చేతులనే పోత," అనేది నవ్వుతూ.

"ఏం మాటలు కమలా అవి? ముందు కాళ్ళు చూపించు," అనేది దేవకృప. ఆ పాదాలు అప్పటికే కొంచెం కొంచెం పొంగుతున్నాయి. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళజ్వరం గుండె కవాటాన్ని పాడుచేసి వదిలింది. మందులు వేసుకుంటే నడుస్తుంది, ఆపితే ఊపిరి అందదు.

తుకారాం పెద్దవాడయ్యాక, ఒక వేసవిలో ఆ మెట్లకు ఎదురుగోడ మీద ఇంజనీర్లు వచ్చి గాజుపట్టీలు అతికించి పోయారు. పునాది దగ్గర నుంచి పైకి పాకిన నెర్రెకు అడ్డంగా, అక్కడక్కడ, సిమెంటు ముద్దల మధ్య సన్నని గాజు ముక్కలు. వాచ్‌మన్ పర్వతాలు ఆగలేక అడిగాడు.

"గీ అద్దం ముక్కలు ఎందుకు సారూ?"

"గోడ కదిలితే పగుల్తాయి. కదలకపోతే అట్లే ఉంటాయి," అన్నాడు ఇంజనీరు, అదేదో ఆటైనట్టు.

అప్పటి నుంచి దేవకృప డ్యూటీకి వచ్చేటప్పుడు కళ్ళు వాటంతట అవే ఆ గోడ మీదికి పోయేవి. చూడకూడదనుకుంటూనే చూసేది. తొలకరి వానలు పడ్డ వారానికి అడుగున ఉన్న పట్టీ నిలువునా చిట్లింది. ఆమె వెళ్ళి క్యాజువాలిటీ డాక్టరు జ్ఞానశేఖర్‌తో చెప్పింది. ఆయన తల ఎత్తకుండానే, "నేనూ చూశాను సిస్టర్. పైన పట్టీ కూడా పోయింది," అన్నాడు.

"మరి పెద్దవాళ్ళకు చెప్పారా?"

"వాళ్ళకు తెలియకనా? మనకు చెప్పేవేళకు అంతా అయిపోయి ఉంటుంది."

ఆయన అన్నట్టే జరిగింది. మూస్తామని ఎవరూ అనలేదు. పై అంతస్తు వార్డులను రిపేర్ల పేరుతో ఖాళీ చేయించారు. పిల్లల వార్డును అద్దె బంగళాకు తరలించారు, తాత్కాలికమే అన్నారు. ఎక్స్‌రే మిషను బాగుచేయించడానికని లారీ ఎక్కింది, మళ్ళీ రాలేదు. వంటశాలలో పొయ్యి ఆరిపోయి, రోగులకు బయట నుంచి రొట్టె వచ్చేది. తరతరాలుగా ఆ వంటశాల చుట్టూ తిరిగిన పిల్లులు ఒకటొకటిగా కనిపించకుండా పోయాయి. పిల్లులు పోవడం ముందుగా గమనించింది పర్వతాలు. "ఇది మంచిగ లేదు సిస్టరమ్మా," అన్నాడు. ఆమె కసిరింది గానీ ఆ మాట మనసులోంచి పోలేదు. ఖాళీ వార్డుల్లో పావురాలు చేరాయి. కింద మందులు పంచుతుంటే పైనుంచి రెక్కల చప్పుడు, ఎవరో దుప్పట్లు దులుపుతున్నట్టు వినబడేది.

ఇంటికొస్తే లూకా అడిగేవాడు, "ఏమంటున్నారు?"

"ఏమీ అనట్లేదు. అదే భయంగా ఉంది," అనేది.

కమలాబాయికి ఆయాసం ఎక్కువైంది. మిట్ట ఎక్కుతూ మధ్యలో ఆగి గోడ పట్టుకుంటోంది. ఊరి అవతల కట్టిన కొత్త ఆసుపత్రిలో చీటీ రాయించుకోమని దేవకృప పోరుపెట్టింది.

"గంత దూరం ఎవలు పోతరు? రెండు బస్సులు మారాలె. ఆడ నన్నెవలు గుర్తువడ్తరు?"

"గుర్తుపట్టక్కర్లేదు, మందులిస్తారు. నా మాట విను. ఇక్కడ రేపేం జరుగుతుందో నాకే తెలీదు."

"దవాఖానను మూస్తరా ఏంది సిస్టరమ్మా! బజార్ మూస్తరా? స్టేషన్ మూస్తరా?" అని ఆయాసపడుతూనే నవ్వింది కమలాబాయి.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం ఆడవాళ్ళ వార్డు వరండాలో పైకప్పు పెళ్ళ విరిగి మంచం మీద పడింది. ఆ మంచం మనిషి అప్పుడే కంచం కడుక్కోవడానికి కుళాయి దగ్గరకు పోయింది. తిరిగొచ్చి, వంగిపోయిన ఇనపమంచాన్ని, దాని నిండా ఉన్న సున్నాన్ని చూసి, చేతిలో కంచంతో అలాగే నిలబడిపోయింది. దేవకృపే వెళ్ళి ఆమె చేతిలోంచి కంచం తీసుకుంది.

ఆ తర్వాత ఉత్తర్వు రావడానికి ఎంతోకాలం పట్టలేదు. వార్డులు తరలాయి, ఆపరేషన్ థియేటర్ తరలింది, చివరికి క్యాజువాలిటీ వంతు వచ్చింది. మంచాలు, సిలిండర్లు, మందుల పెట్టెలు లారీలకెత్తారు. జ్ఞానశేఖర్ వెళ్ళేముందు ఆమె దగ్గరకు వచ్చి చేతులు జోడించాడు. గేటుకు గొలుసు, తాళం పడ్డాయి. ఒక కాగితం అంటించారు. ఖాళీ కట్టడం అప్పగింత అయ్యేదాకా దేవకృపను క్వార్టర్సులోనే ఉండమన్నారు. తాళంచెవి ఒకటి పర్వతాలు దగ్గర, ఇంకొకటి ఆమె దగ్గర.

కాగితం ఎవరు చదువుతారు? జనం వస్తూనే ఉన్నారు. జనగామ బండి దిగి నేరుగా వచ్చినవాళ్ళు, బజారులో చెయ్యి తెగినవాళ్ళు, జ్వరంతో కాలిపోయే పిల్లల్ని భుజాన వేసుకున్నవాళ్ళు. "మూసిన్రా? గట్లెట్ల మూస్తరు?" అని గేటు ఊపేవాళ్ళు. దేవకృప ఇంట్లోంచి గుడ్డపీలికలు, అయోడిన్ తెచ్చి గేటు బయటే కట్లు కట్టేది. ఆటోలు ఆపి ఎక్కించి పంపేది. ఒకసారి పాము కరిచిన మనిషిని ఎద్దులబండి బల్ల మీద మోసుకొచ్చారు. ఆటో అందేదాకా అతని కళ్ళు వాలిపోతుండటం చూస్తూ నిలబడటం తప్ప ఆమె చేయగలిగింది లేకపోయింది. అతను బతికాడో లేదో తెలియలేదు.

"ఆటో చప్పుడైతే నా గుండె జల్లుమంటున్నది సిస్టరమ్మా. ఎవలొస్తున్నరో ఏమో," అన్నాడు పర్వతాలు. ఆమెకూ అంతే. లూకా రేడియో పెడితే ఆపేయమనేది, గేటు చప్పుడు వినబడదని.

వచ్చింది కమలాబాయి. పొద్దున బజారులో బేరం మధ్యలో కూలబడిందట. తుకారాం ఆటోలో ఒళ్ళో పట్టుకుని తెచ్చాడు. పెదవులు నీలంగా ఉన్నాయి, నోటి చివర ఎర్రటి నురగ. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందని దేవకృపకు చూడగానే అర్థమైంది. ఆక్సిజన్ కావాలి, సూది కావాలి, అవి రెండూ ఊరి అవతల ఉన్నాయి.

"గేటు తియ్యి సిస్టరమ్మా!" అని అరిచాడు తుకారాం.

"లోపలేం లేదు. పోనియ్యి, పోనియ్యి!" అంటూ ఆమె చెప్పులు కూడా లేకుండా ఆటో ఎక్కింది. కమలాబాయిని పడుకోనివ్వకుండా నిటారుగా కూర్చోబెట్టి తన రొమ్ముకు ఆనించుకుంది.

"లోపటికి... తీస్కపో," అంటోంది కమలాబాయి. గేటు వెనక్కి పోతుంటే తల అటే తిప్పింది. బన్సీలాల్‌పేట్ మలుపు దగ్గర బస్సులు అడ్డంపడి దారి మూసుకుపోయింది. తుకారాం దిగి బస్సు పక్కల్ని చేతులతో బాదాడు, డ్రైవర్లను తిట్టాడు, బతిమాలాడు. ఆటోలోపల దేవకృప చేతికి తగులుతున్న నాడి సన్నబడి, తప్పి, మళ్ళీ దొరికి, ఆ తర్వాత దొరకలేదు. దారి ఇచ్చాక కూడా ఆమె ఆ మాట తుకారాంకు చెప్పలేదు. కొత్త ఆసుపత్రి దాకా అలాగే పట్టుకుని కూర్చుంది. అక్కడ డాక్టరు చెప్పాడు.

దినాలు అయ్యాక తుకారాం వచ్చాడు. గుండు చేయించుకున్న తలతో, ఎండలో గేటు పట్టుకుని నిలబడ్డాడు. పర్వతాలు పిలిస్తే దేవకృప బయటికొచ్చింది.

"తాళం నీ కాడనే ఉండె," అన్నాడు వాడు. గొంతు పెంచలేదు. "మా అమ్మ నీ కాడికొచ్చింది. ముప్పై ఏండ్లు నిన్నే నమ్మింది. నువ్వు తాళం తియ్యలె. ఆటో ఎక్కినవ్. తీస్తె బతుకుతుండె."

లోపలేమీ లేదని ఆ రోజు చెప్పిన మాటే మళ్ళీ చెప్పబోయింది. వాడి మొహం చూస్తే, ఎన్నిసార్లు చెప్పినా వాడి చెవికి ఎక్కదని తెలిసిపోయింది. "పర్వతాలూ, తాళం తియ్యి," అంది.

"వద్దు సిస్టరమ్మా, ఏదన్న మీద పడ్తది."

"తియ్యి."

వాడిని లోపలికి తీసుకుపోయింది. క్యాజువాలిటీ తలుపు వాన నీటికి ఉబ్బి గట్టిగా నెడితే గానీ రాలేదు. గదిలో మంచాలున్నచోట నేల మీద తుప్పు మరకలు మాత్రమే మిగిలాయి. తుకారాం మందుల బీరువా ఉండే గూడులోకి చెయ్యి పెట్టి తడిమాడు. కుళాయి తిప్పాడు, గాలి చప్పుడు తప్ప ఏమీ రాలేదు. పక్క గదిలోకి పోయాడు, ఆ పక్క గదిలోకి పోయాడు. ప్రతి తలుపూ తోసి చూస్తున్నాడు, ఎక్కడో ఒకచోట దాచి ఉంచారేమో అన్నట్టు. ఆమె వెనకే నడిచింది. తాను అన్నేళ్ళు పనిచేసిన చోటు ఇంత చిన్నదా అనిపించింది. వాడు మేడమెట్ల వైపు తిరిగినప్పుడు మాత్రం చొక్కా పట్టుకుని ఆపింది.

"అటు వద్దు నాయనా."

"ఏం లేదు," అన్నాడు తుకారాం.

"ఏమీ లేదు."

పైన ఏదో పెద్దగా కూలి దొర్లింది. కప్పు నుంచి సున్నం పొడి వాడి గుండు మీద, ఆమె భుజాల మీద రాలింది. బయట నుంచి పర్వతాలు అరుస్తున్నాడు. ఇద్దరూ పరుగెత్తి వచ్చి గేటు దగ్గర ఆగారు. తుకారాం ఏడవలేదు. గేటు పక్క రాయి మీద కూర్చుని గుండు మీది సున్నం దులుపుకున్నాడు. చివరికి, "మరి గిదంత ఎవలకు చెప్పాలె?" అని అడిగాడు.

ఆమె గేటుకు గొలుసు చుట్టి తాళం వేసింది.

వాడు లేచి స్టేషన్ ఆటోస్టాండుకు పోయాడు. రాతి దవాఖాన అని ఎవరు ఎక్కినా ఇటు తేవద్దని, సక్కగ కొత్త దవాఖానకే తీసుకుపొమ్మని ఒక్కొక్క డ్రైవరుకూ చెప్పాడు. మర్నాడు, ఆ మర్నాడు కూడా పోయి చెప్పాడు. మెల్లగా గేటు దగ్గరకు వచ్చేవాళ్ళు తగ్గారు. ఆ వానాకాలం ముగియకముందే తూర్పు వైపు వార్డులు పట్టపగలు కూలిపోయాయి. మిట్ట మీద లేచిన దుమ్ము మోండా మార్కెట్ దాకా కమ్మింది. లోపల ఎవరూ లేరు గనక ఎవరికీ ఏమీ కాలేదన్నారు. మిగిలిన గోడల్ని మిషన్లు పెట్టి పడగొట్టి, స్థలం చుట్టూ రేకులు పాతారు.

దేవకృపను కొత్త ఆసుపత్రి క్యాజువాలిటీకి వేశారు. అక్కడ గచ్చు మెరిసిపోతుంది, ప్రతి మంచం దగ్గరా గోడలోంచే ఆక్సిజన్ వస్తుంది. రిటైరయ్యేదాకా అక్కడే పనిచేసింది. కుర్ర నర్సులకు ఆమెలో ఒక అలవాటు వింతగా తోచేది. ఎవరిని దింపినా ముందు ఏమైందని అడిగేది కాదు.

"ఎక్కణ్ణుంచి తెస్తున్నారు?" అని అడిగేది.

మోండా మార్కెట్ అనో, స్టేషన్ వైపు అనో చెబితే, మిగతా మాట వినకుండానే స్ట్రెచర్‌ను తానే పట్టుకుని పరుగెత్తేది.