పటిక నీళ్లలో పడవ చెక్కలు

ఈ సాయంత్రం నల్లా నీళ్లు ఎర్రగా వచ్చాయి. కాచి చల్లార్చిన నీళ్లు తప్ప మా ఎనిమిది నెలల పాపకు పట్టని నేను, ముందు బిందెలో పటిక గడ్డ తిప్పి, మడ్డి అడుగుకు దిగేదాకా పక్కనే కూర్చున్నాను. పాప నిద్రపోయినా నాకు నిద్ర రాక, ఆ పటిక గుర్తుకు తెచ్చిన సంగతి రాస్తున్నాను.

నాకు పదకొండేళ్లప్పుడు, గోదావరి ఒడ్డున కాలువ తవ్వుతుంటే ఎన్నో వందల ఏళ్ల కిందటి సరుకుల పడవ, ఓడంతది, బురదలో బయటపడింది. దాని చెక్కలు తడి గోనెల్లో చుట్టుకుని రైల్లో నాంపల్లి స్టేషనుకు వచ్చాయి. దగ్గరలోనే ఒక రేకుల షెడ్డులో వాటిని నీళ్లతొట్లలో ఉంచి కాపాడే పని మా నాయనది. నా ఈడు పిల్లలు ఆబిడ్స్ దుకాణాల అద్దాలకు ముక్కులు ఆనించి బొమ్మలు చూసే సాయంత్రాల్లో నేను ఆ నీళ్లతొట్ల చుట్టూ తిరిగేదాన్ని. నల్లటి చెక్కల అంచుల్లో వరసగా చిన్న రంధ్రాలు. మేకులు లేకుండా కొబ్బరితాడుతో బట్ట కుట్టినట్టు కుట్టారని నాయన చెబితే, ఆ సూది ఎంతుండేదోనని చిటికెనవేలు దూర్చి చూసేదాన్ని. ఇన్నేళ్లు నీళ్లలో చెడనిది గాలికి ఎందుకు చెడుతుందని అడిగితే, లోపలి సారం ఎప్పుడో పోయిందని, ఇప్పుడు నీళ్లే దాన్ని నిలబెడుతున్నాయని ఓపికగా చెప్పేవారు.

పై అధికారికి ఆ మాట ఎక్కలేదు. శనివారం చెక్కలన్నీ తీసి ఎండలో పరవాలని హుకుం వేశారు. ఏదో చలిదేశంలో ఇలాంటి చెక్కను పటిక నీళ్లలో ఉడికించి నిలబెట్టారని చదివిన నాయన, చేసి చూపిస్తే ఒప్పుకుంటారేమోనని, ఆయన్నే అడిగి జానెడు ముక్కను ఇంటికి తెచ్చి గంగాళంలో నానబెట్టారు. శుక్రవారం నాకు బడి సెలవు. నాయన పొద్దున్నే పటిక కోసం బేగం బజార్ వెళ్లి, అటునుంచే షెడ్డులో తొట్లు నింపడానికి పోయారు.

మా నాయనమ్మ ఇంట్లో తడిని ఓర్చేది కాదు. పప్పులు, పరుపులు, నా జుట్టు, అన్నీ డాబా మీద ఎండాల్సిందే.

“ఏంది బిడ్డా, కట్టె నానితె మురుగదా? మీ నాయిన సదువు పుస్తకంలనే ఉంటది. జర ఎండ తగలనీ, గట్టిపడ్తది,” అంటూ ముక్కను చాటలో వేసి పైకి తీసుకుపోయింది. వద్దన్నాను గాని, నిజం చెప్పాలంటే గట్టిగా అనలేదు. నాయన మాట నిజమో కాదో చూడాలని నాకే ఉంది. గంటకోసారి డాబా ఎక్కాను. మొదట రంగు వెలిసింది, తర్వాత సన్నటి నెర్రెలు విచ్చాయి, సాయంత్రానికి అది మెలితిరిగి శొంఠికొమ్మంత అయింది.

ఇంటికొచ్చిన నాయన దాన్ని చేతిలోకి తీసుకుని జానతో కొలిచి చూశారు.

“నేనే ఆగం జేసిన్నా కొడుకా? మీ సాబు నౌకరీ తీస్తడా?” అని నాయనమ్మ కళ్లు ఒత్తుకుంది.

మర్నాడు నాయన ఆ ముక్కను రుమాలులో చుట్టుకుపోయి, ఒక్కరోజు ఎండకు ఇలా అయిందని, ఎండబెట్టింది తన తల్లేనని చెప్పి అధికారి బల్ల మీద పెట్టారు. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, ఎండ మాట మళ్లీ ఎత్తలేదట. ఆ వేసవంతా షెడ్డులో పటిక నీళ్లు కాగాయి. “నా కొడుకు సాబుకు సదువు జెప్పింది నేనే,” అని నాయనమ్మ వాడంతా చెప్పుకుంది.

నాయనమ్మ ఇప్పుడు లేదు. మొన్న పాపను ఎత్తుకుని, నాయనతో కలిసి ఆ చెక్కలు చూడటానికి వెళ్లాను. గట్టిగానే నిలిచాయి. కాని అంచుల్లో తెల్లటి పొడి పూసింది. వేలు తగిలితే పొలుసు రాలింది. ఇది పటిక వల్లనేనా అని అడిగాను. ఒకప్పుడు నా ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పిన మనిషి, తెలియదమ్మా అన్నారు. కాలేజీలో రసాయనశాస్త్రం చదివిన నాకూ తెలియదు.

బిందెలో నీళ్లు తేరుకున్నాయి, ఇక కాచాలి. ఏమవుతుందో చూద్దామని ఆనాడు గంటకోసారి డాబా ఎక్కిన పిల్ల నాలో ఎక్కడికి పోయిందో. ఇప్పుడూ గంటకోసారి లేస్తాను, పాప నుదురు తాకి చూడటానికి.