కొత్తపట్నం తీరంలో కాలు కలకలం

మొన్న ఆదివారం కొత్తపట్నంలో సముద్రం నా కాలు పట్టుకుపోయింది. కంగారుపడకండి, టీ తాగండి. పోయింది పెట్టుడు కాలే. అసలు కాలు మూడేళ్ల కిందటే చిలకలూరిపేట రోడ్డు మీద పత్తి లారీ కింద పోయింది. అప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు నా స్కూటరుకు కొత్త చక్రం, కొత్త మడ్‌గార్డు, కొత్త హెడ్‌లైటు వేయించారు. నాకూ కాలు వేయించమంటే మాత్రం, "అది పాలసీలో లేదండీ" అన్నారు. ఇప్పుడు ఆ స్కూటరు నాకన్నా బాగా నడుస్తోంది.

పిడుగురాళ్ల క్వారీలో కాలు పోగొట్టుకుని, ఒంగోల్లో మోటార్లు బాగుచేసుకునే మస్తాన్ నాకు జత. పెట్టుడు కాలు కొన్నాళ్లకు పగులుతుంది, మళ్లీ కొత్తది కొనాలి. దానికీ పాలసీ కావాలని ఇద్దరం ఏడాదిగా బ్రాంచి మేనేజరు గారి చుట్టూ తిరుగుతున్నాం. చివరికాయన విసిగి, "మామూలు కాలు చేసే పని అది చేస్తుందని చూపించండి. పైకి సిఫార్సు రాస్తాను" అన్నారు.

"సముద్రంలో తెప్ప మీద వెళ్లి చూపిస్తాం!" అన్నాన్నేను. విదేశాల్లో కాళ్లు లేనివాళ్లు కొండలెక్కుతున్నారని, పడవలు నడుపుతున్నారని మా పేపరు ఆదివారం పేజీకి అనువాదం చేసింది నేనే. డెస్కులో ఫ్యాను కింద కూర్చున్నవాడికి ఏ సాహసమైనా తేలిగ్గానే కనిపిస్తుంది. సొంత పనికి సొంత పేపరు వాడుకోకూడదని మా విలేకరికి మాత్రం కబురు పెట్టలేదు. నీతి!

మేనేజరు గారు ఒడ్డున గొడుగు కింద కుర్చీ వేసుకున్నారు. మస్తాన్ తన కాలు తీసి, కవరులో చుట్టి, ఆ కుర్చీ కింద పెట్టాడు.

"అన్నా, నీదీ తియ్యి. తెప్ప మీద కూర్చోడానికి కాలెందుకు?"

"ఒరేయ్, చూపించాల్సింది కాలునేరా!" అని పైగా తెల్ల కాన్వాసు బూటు కూడా తొడిగాను.

జాలరి పోలయ్య మమ్మల్ని అలలు దాటించాడు. మేనేజరు గారు ఇటే చూస్తున్నారని నేను లేచి నిలబడ్డాను. చెయ్యి కూడా ఊపాను.

"కూకో సారూ!" అని పోలయ్య అరుపు, అల, రెండూ ఒకేసారి వచ్చాయి.

పట్టీ తెగింది. బూటుతో సహా కాలు ఉత్తరం వైపు హాయిగా ఈదుకుంటూ పోయింది. నేను ఈదలేకపోయాను. పోలయ్య నన్ను జుట్టు పట్టి పైకి లాగి, తీసుకొచ్చి సరిగ్గా మేనేజరు గారి పాదాల దగ్గర పడేశాడు.

"సార్, ఇప్పుడు నిజంగానే కాలు పోయింది. ఇప్పుడైనా ఒప్పుకుంటారా?"

"కాలు పోతే చూసేవాళ్లమేనండీ. పోయింది వస్తువు గదా!" అని ఆయన గొడుగు మడిచి జీపెక్కారు.

కాసేపటికి కబురొచ్చింది. ఇసకలోంచి బూటు పైకి లేచి ఉండటం చూసి చేపలమ్మే ఆడవాళ్లు కేకలు పెట్టారట. కాలు పోలీస్ అవుట్‌పోస్టుకు చేరిందట. కుర్చీ కింది కాలు మళ్లీ తగిలించుకున్న మస్తాన్ భుజం పట్టుకుని గెంతుకుంటూ వెళ్లాను. టేబుల్ మీద నా కాలు, దాని మీద తడి గుడ్డ, ముందర వెలిగించిన ఊదొత్తి.

"అది నాదండీ."

"మీదంటే ఎట్టా?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "మిగతా మనిషి దొరకాలి."

"మిగతా మనిషిని నేనే!"

"డాక్టరు గారు చూడకుండా శరీర భాగం ఇవ్వకూడదు."

"ప్లాస్టిక్‌దండీ, తట్టి చూడండి."

ఆయన తట్టలేదు. ఆయనకు భయంగా ఉందని అప్పుడర్థమైంది. మస్తాన్ ఓపిక నశించి, ప్యాంటు పైకి లాగి, తన కాలు ఊడదీసి టేబుల్ మీద పక్కనే పెట్టాడు. "ఇదిగో సార్, దీని జత!"

హెడ్డు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. "రెండూ తీసుకుని పొండయ్యా!"

మర్నాడు మా జిల్లా పేజీలో వార్త: 'కొత్తపట్నం తీరంలో కాలు కలకలం. మృతుడి కోసం గాలింపు.' ఇన్నేళ్లుగా విలేకరుల కాపీల్లోంచి 'కలకలం' అనే మాట కొట్టేస్తున్నది నేనే. ఉప్పునీళ్లు తాగి జ్వరం వచ్చి నేను ఒక్కరోజు సెలవు పెడితే, నేనే కలకలమయ్యాను.

అయినా పనికొస్తుందని ఆ పేపరు పట్టుకుని మేనేజరు గారి దగ్గరికి వెళ్లాను. "చూడండి సార్. పోలీసులు శరీర భాగమన్నారు. పేపరు కాలనే రాసింది. ఇక సిఫార్సు రాయండి."

ఆయన కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివారు. "మృతుడని కూడా రాశారే. చనిపోయినవాడికి పాలసీ ఎలా ఇస్తామండీ? ముందు సవరణ వేయించండి."

అక్కడి నుంచే డెస్కుకు ఫోన్ చేశాను, నేను బతికే ఉన్నానని సవరణ వేయమని. అటువైపు సబ్ ఎడిటరు నవ్వాపుకుంటూ, "మీ గురించి మీరే చెబితే సరిపోదండీ, ఇంకొకరు ధ్రువీకరించాలి" అన్నాడు.

డెస్కులో ఆ రూలు పెట్టింది నేనే.