గడిలో బొమ్మలశాల ఆఖరి రోజు

మా వారు వేసిన బొమ్మల్లో రెండు మా ఇంట్లో లేవు. చెన్నూరు దగ్గర ఒక పల్లెలో, పాత దొరగారి గడిలో, ఖాళీగా పడి ఉన్న ఆ కోటలాంటి ఇంట్లో, రాజలింగం నడిపే బొమ్మలశాలలో ఉన్నాయి. రాజలింగం సాలెవారి పిల్లవాడు. హైదరాబాదులో మా వారితో కలిసి చిత్రకళ నేర్చుకుని సొంత ఊరికి తిరిగి వెళ్ళాడు. మా వారు పోయి ఏడాదయింది. ఈ ఎండాకాలం రాజలింగం కబురు పంపాడు. దొరగారి వాళ్ళు టేకు దూలాల కోసం గడిని అమ్మేశారట, విప్పడం మొదలుపెట్టేలోగా వచ్చి బొమ్మలు తీసుకుపొమ్మన్నాడు. ఆ శాల సంగతి మా వారి నోట ఎన్నోసార్లు విన్నాను గాని చూసింది లేదు. నేను పాఠాలు చెప్పే బడికి సెలవులు కావడంతో ఒక్కదాన్నే బయలుదేరాను.

అటు వెళ్ళదలచినవారికి దారి కష్టమేమీ కాదు. సికింద్రాబాదులో పొద్దున్నే బల్లార్షా వైపు పోయే ప్యాసింజరు ఎక్కితే సాయంత్రానికి మంచిర్యాలలో దింపుతుంది. మూడో తరగతి టిక్కెట్టు ఆరు రూపాయల లోపే. కిటికీ పక్కన చోటు దొరికిందని సంబరపడకండి, బొగ్గు నలుసులన్నీ కళ్ళలోకే వస్తాయి. స్టేషను దగ్గరి సత్రంలో ఆడవాళ్ళకు వేరే గది ఇచ్చారు. మర్నాడు ఏడింటి బస్సుకు రూపాయిన్నర ఇచ్చి చెన్నూరు చేరాను. దారి పొడుగునా టేకు అడవి. ఆ నెలలో ఒక్క చెట్టుకూ ఆకు లేదు. అక్కడక్కడ నేల కాలి నల్లగా ఉంది.

చెన్నూరు నుంచి ఎడ్లబండి తప్ప మరో దిక్కు లేదు. మల్లయ్య అనే నడివయసు మనిషి రెండు రూపాయలకు ఒప్పుకున్నాడు. ఎక్కడికని అడిగితే, గడిలో బొమ్మలశాలకని చెప్పాను. పగ్గం చేతిలో పట్టుకుని ఆగిపోయాడు.

"గడిలకా? మా ఊరోల్లు ఎవ్వలు పోరమ్మ అండ్లకు."

"ఎందుకని?"

"మా బాపును గా గడిలనే కట్టేసి కొట్టిండ్రు. వెట్టికి జర ఆలస్యంగ పోయిండని. గా దర్వాజ ఇప్పటిదాంక నేను దాటలే."

"ఇప్పుడు దొర లేడు కదా?"

"దొర లేడు. గడి ఉన్నది గద!"

పోలీసు చర్య జరిగాక దొర కుటుంబం పట్నం వెళ్ళిపోయిందనీ, మళ్ళీ ఈ ఊరి మొహం చూడలేదనీ దారిలో చెప్పాడు. గడి కనబడుతుండగానే బండి ఆపేశాడు. నా పెట్టె మోసుకొచ్చి దర్వాజ ముందు రాతి మీద పెట్టి, లోపలికి తొంగి అయినా చూడకుండా వెనుదిరిగాడు.

లోపల రాజలింగం ఒక్కడే ఉన్నాడు. నలభై ఏళ్ళకే జుట్టు నెరిసింది. "రా వదినా" అన్నాడు గాని మా వారి ప్రస్తావన తేలేకపోయాడు. చేత్తో లోపలికి దారి చూపి ముందు నడిచాడు. రెండంతస్తుల మట్టిగోడలు, నల్లబడ్డ టేకు స్తంభాలు, మధ్యలో పెద్ద వాకిలి. చుట్టూ గదులన్నిటికీ తానే సున్నం వేసుకున్నాడు. ఆ తెల్లని గోడల మీద, పట్నంలో ఎవరూ కొనని తన స్నేహితుల బొమ్మలు పెట్టాడు. ఒకదాంట్లో మొహాలు లేని జనం. ఒకదాంట్లో ఎర్రటి గీతలు తప్ప మరేమీ లేదు. లోపలి గదిలో, ఎత్తున ఉన్న చిన్న కిటికీ వెలుగులో, మా వారి బొమ్మలు కనిపించాయి. పెద్దది వాన. మనుషులు లేరు, చెట్లు లేవు, కిందికి జారే బూడిద రంగు మాత్రమే. దాన్ని వేస్తున్న రోజుల్లో ఆయన అన్నానికి కూడా లేచేవారు కాదు. నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను. రాజలింగం బయట ఉండిపోయాడు.

ఎవరెవరు చూడడానికి వస్తారని తర్వాత అడిగాను. హైదరాబాదు స్నేహితులు ఏడాదికోసారి వస్తారట. అటవీ శాఖ ఆఫీసరు ఒకాయన వచ్చాడట. మిషన్ బడి పంతులు పిల్లల్ని తీసుకొస్తే మర్నాడే తల్లులు వెళ్ళి ఆయనతో కొట్లాడారట.

"సున్నమేసి, కొత్త బొమ్మలు వెడితె గా భయం పోతదనుకున్న వదినా. ఐదేండ్లాయె. మా అవ్వనే లోపటికి రాలే."

ఆ మధ్యాహ్నమే వాళ్ళమ్మను చూశాను. లచ్చవ్వ జొన్నరొట్టెలు, పుంటికూర అని వాళ్ళనే గోంగూర తెచ్చి దర్వాజ బయట రాతి మీద పెట్టి, గోడ నీడలో కూర్చుంది. రోజూ అంతేనట. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే నాకూ ఒక రొట్టె తుంచి ఇచ్చింది.

"నేసిన చీరె దొరకు పైసలు లేకుంట ఇయ్యనన్నడని మా ఇంటాయనను ఎండల వంగవెట్టి వీపు మీద బండ వెట్టిండ్రు. పానం పోలే. గని మల్ల మగ్గం గుంటల దిగలే" అంది. రొట్టెల మీది ఈగల్ని కొంగుతో తోలుతూ, "అండ్ల బొమ్మలు మంచిగనే ఉంటయేమో బిడ్డ. నాకు గోడలే కనవడ్తయి" అంది.

ఆ రాత్రి వాళ్ళింట్లో పడుకుని, తెల్లవారి రాజలింగంతో గడికి వెళ్ళేసరికి గడిని కొన్న షావుకారు మనుషులు మోకులు, గడ్డపారలతో సిద్ధంగా ఉన్నారు. ఇంకా బొమ్మలు దించనే లేదు, వాళ్ళు ముందు దర్వాజ తలుపులు ఊడదీశారు. అవి నేల మీద పడ్డ చప్పుడు ఊరంతా వినబడినట్టుంది. మొదట ఇద్దరు ముగ్గురు వచ్చి దూరంగా నిలబడ్డారు. తర్వాత గుంపులుగా వచ్చారు. తలుపులు లేని దర్వాజలోంచి ఊరు ఊరంతా లోపలికి వచ్చింది.

రాజలింగం గబగబా చేతులు తుడుచుకుని మొదటి బొమ్మ పక్కన నిలబడ్డాడు. "రాండ్రి, రాండ్రి" అన్నాడు. ఆ గొంతులోని ఆశ నేను విన్నాను. జనం ఆయన ముందు నుంచే నడిచి వాకిట్లోకి పోయారు. "దొర ఉయ్యాల గీడనే ఉంటుండె" అన్నారెవరో. ఒక ముసలాయన వాకిలి మధ్యలో ఉమ్మేశాడు. కాసేపు నిలబడి మళ్ళీ ఉమ్మేశాడు. ఒక్కరూ గోడల మీది బొమ్మల వైపు తలెత్తలేదు.

లోపలి గదిలో మాత్రం ఒక మనిషి మా వారి వాన ముందు కదలకుండా నిలబడి ఉన్నాడు. దగ్గరికి వెళితే మల్లయ్య. ఆయన చూస్తున్నది బొమ్మను కాదు. దాని పైన గోడలో దిగేసిన, బొమ్మ వేలాడుతున్న ఇనుప కడేన్ని.

"గిదేనమ్మ" అన్నాడు. "మా బాపును గీ కడేనికే కట్టిండ్రు. ఇంటికొచ్చినంక మస్తుసార్లు చెప్పిండు, కిటికీ కింద కడెమని."

రాజలింగం నా వెనకే ఉన్నాడు. ఆయన మొహం పాలిపోయింది. "నాకెరుక లేదు మల్లన్న. సీల లెక్క అక్కరకొచ్చిందని బొమ్మ తగిలేసిన."

"నీకెట్ల ఎరుకైతది? గప్పుడు నువ్వు పట్నంల సదువుకుంట ఉంటివి."

మల్లయ్య మాటలో కోపం లేదు. కోపమున్నా బాగుండేది. ఆయన రెండు చేతులతో బొమ్మను మెల్లగా ఎత్తి, దించి, గోడకు ఆనించి పెట్టాడు. తర్వాత కడేన్ని ఒక్కసారి వేలితో తాకి బయటికి వెళ్ళిపోయాడు.

మేము వాకిట్లోకి వచ్చేసరికి లచ్చవ్వ అక్కడ ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎండలో నేల మీద కూర్చుని ఉంది. భర్తను వంగబెట్టిన చోటు అదేనేమో. చుట్టూ గదులన్నీ కలియజూసి కొడుకును అడిగింది.

"ఇన్నేండ్లు గిండ్ల ఒక్కనివే కూసుంటివా, కొడుకా?"

రాజలింగం ఆమె పక్కన కూలబడ్డాడు. ఆమె కొంగుతో ఆయన చేతి సున్నం తుడిచింది. ఆ తర్వాత లేచి, "నడువు, దూలం వడ్తే బొమ్మలు ఖరాబైతయి" అని ఒక చట్రానికి తానే ఒక పక్క పట్టింది. మల్లయ్య బండి దర్వాజ దాకా తెచ్చాడు. మధ్యాహ్నానికి బొమ్మలన్నీ వాళ్ళింటి మగ్గాల కొట్టానికి చేరాయి. నేను మా వారి రెండు బొమ్మలూ పాత చీరలో చుట్టుకుని చెన్నూరులో సాయంత్రం బస్సు అందుకున్నాను. ఊరు దాటే దాకా వెనక దూలాలు పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

మంచి బొమ్మకు ఏ గోడైనా ఒకటేనని మా వారు అనేవారు. నేనూ అలాగే నమ్మాను. ఆ గడి పడిపోయినందుకు ఊరు సంతోషించింది. అందులో ఏ తప్పూ లేదు. దాంతోపాటు ఒక మనిషి ఐదేళ్ళ కష్టం కూడా పోయింది. దానికి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు ఈ రోజుకీ తెలియదు. వాన బొమ్మను ఇంటికి తెచ్చాను గాని ఇంకా గోడకు పెట్టలేదు.

మీరు వెళితే వానలకు ముందే వెళ్ళండి, తర్వాత బండ్లు దిగబడతాయి. ఊళ్ళో గడి ఎక్కడని అడగకండి, లచ్చవ్వ మగ్గాల కొట్టం ఎక్కడని అడగండి. బొమ్మలు అక్కడ గోడ వైపు తిప్పి పెట్టి ఉంటాయి. చూపించమని మీరే అడగాలి. రాజలింగం తనంతట తాను ఇప్పుడు ఎవరికీ చూపించడు.