కరీమున్ కడుపులో బత్తాయి

కరీమున్‌కి నలభై ఆరో ఏట మళ్ళీ కడుపొచ్చిందని సత్తెనపల్లి మిరపకాయల షెడ్డులో మొదట ఎవరన్నారో ఎవరికీ గుర్తులేదు. మధ్యాహ్నం అన్నాల వేళకి మూడో నెలని లెక్క కట్టారు. సాయంత్రానికి మగపిల్లాడని తేల్చారు.

ఆధారాలు లేకపోలేదు. పొట్ట ముందుకొచ్చింది. గంటకోసారి ఒంటికి లేస్తోంది. మొహం పాలిపోయింది. లేచి నిలబడితే గోడ పట్టుకుంటోంది. అడిగితే నోరు విప్పదు.

మిరపకాయల తొడిమలు తీసే ఆ ఆడవాళ్ళకి ఒక కట్టుబాటుంది. కడుపుతో ఉన్న మనిషిని రాశి వెనక ఘాటులో కూర్చోనివ్వరు. గుమ్మం దగ్గర, గాలి తగిలేచోట పీట వేస్తారు. అక్కడ ఒక్క పీటకే చోటు. ముఠా పెద్ద వెంకాయమ్మ మర్నాడు కరీమున్ పీట ఎత్తి అక్కడ పెట్టింది. రాశి వెనక ఆమె చోటులోకి శిల్పని జరిపారు. కొత్తగా పెళ్ళయిన పిల్ల, మాట తక్కువ.

"నాకెందుకొదినా ఇక్కడ?" అంది కరీమున్.

"నీక్కాదులేవే. లోపలున్నోడికి."

కాదని చెప్పబోయింది. అంతలో బయటినుంచి చల్లగాలి వీచింది. ఇరవై ఏళ్ళుగా తుమ్ముతూ బతికిన ముక్కు, నోటిని కాసేపు ఊరుకోమంది.

నిజం చెబితే ఇంకో చిక్కుంది. నెలనెలా పదేసి రోజులు రక్తం పోతోందంటే వెంకాయమ్మ ఆ రోజే ఆపరేషన్‌కి బస్సెక్కిస్తుంది. ఆవిడ ముప్పై అయిదేళ్ళకే గర్భసంచి తీయించుకుంది. చెల్లెలికీ, ఇద్దరు కోడళ్ళకీ దగ్గరుండి తీయించింది. పిల్లలు పుట్టాక దాంతో పనేముందని ఆవిడ వాదం. కరీమున్‌కి కత్తంటే భయం. అంతకుమించి, తన ఒంట్లోది ఉంచాలో తీయాలో షెడ్డు తీర్మానించడం ఇష్టం లేదు.

వార్త మొగుడు మొహిద్దీన్ బాషాకి టీకొట్టు దగ్గర తెలిసింది. ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే అడిగాడు.

"ఊరందరికీ చెప్పావు. నాకూ ఓ మాట చెప్తే ఏం పోయింది?"

"లేంది ఏం చెప్పను?"

"మరి నలుగురికి టీ తాగించొచ్చానే."

అప్పుడు ఉన్నదంతా చెప్పింది. ఆ వారమే గుంటూరులో లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. స్కానింగ్ కాగితం చూస్తున్న డాక్టరుని బాషా ఉండబట్టలేక అడిగాడు.

"లోపల ఏమన్నా ఉందా మేడమ్?"

"మూడున్నాయి."

బాషా కుర్చీ వెతుక్కున్నాడు.

"గడ్డలండీ," అంది డాక్టరు. "ఫైబ్రాయిడ్లంటారు. గర్భసంచి కండలో పెరుగుతాయి. ఒకటి బత్తాయంత, రెండు నిమ్మకాయలంత. చాలామంది ఆడవాళ్ళకి ఉంటాయి, కొందరికి ఉన్నట్టే తెలీదు. ఇలాంటివి క్యాన్సర్ కావడం చాలా అరుదు. అయినా లోపలి పొర ముక్క ఒకటి పరీక్షకి పంపుతాను."

"సంచి తీసేయాలా?" అడిగింది కరీమున్.

"అదొక దారి. గడ్డల వరకే తీయడం ఇంకో దారి. మీకు రక్తం ఏడు గ్రాములే ఉంది, ముందు అది పెరగాలి. రక్తస్రావం తగ్గడానికి మందులిస్తాను. ముట్లుడిగాక ఇవి మామూలుగా వాటంతటవే చిన్నవవుతాయి, మీకది ఎంతో దూరం లేదు. మందులకి లొంగకపోతే అప్పుడు మీరే నిర్ణయించుకోండి."

మీరే అన్న మాట కరీమున్‌కి మందులకంటే ముందు పనిచేసింది.

ముక్క పరీక్షలో చెడేమీ లేదని వచ్చింది. రెండు నెలల్లో రక్తస్రావం తగ్గింది. పీట మాత్రం గుమ్మం దగ్గరే ఉంది. వెంకాయమ్మ సీమంతానికి గాజుల రంగు ఆలోచిస్తూ చింతకాయ తొక్కు తెచ్చిపెట్టింది. ఐరన్ మాత్రలకి నోరు చప్పబడిన కరీమున్ ఆ తొక్కుని కాదనలేకపోయింది.

ఒకరోజు రాశి వెనక దగ్గు మొదలైంది. మూడు రోజులుగా అదే వరస. శిల్ప వంగిపోయి దగ్గుతోంది. దగ్గొచ్చినప్పుడల్లా నోటికంటే ముందు పొట్టకి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. ఇద్దరు పిల్లల్ని కన్న కరీమున్‌కి అది చూశాక పీట మీద కూర్చోబుద్ధి కాలేదు. గోడ పట్టుకోకుండానే లేచింది.

"వదినా, నాకు కడుపూ లేదు, గిడుపూ లేదు. గడ్డలు. మందులు మింగుతున్నా, తగ్గుతోంది. ఆపరేషనంటావేమో, నేను బస్సెక్కను."

చేతులన్నీ ఆగిపోయాయి.

"మరి నా తొక్కు?" అంది వెంకాయమ్మ.

"బాగుందొదినా. ఉప్పే కాస్త తగ్గింది."

ఆ మాట అంటూనే కరీమున్ తన పీట తీసుకుని రాశి వెనక్కి నడిచింది. శిల్పని లేపి, ఆమె పీట తెచ్చి గుమ్మం దగ్గర వేసింది.

"దానికెందుకే అక్కడ?" అంది వెంకాయమ్మ.

శిల్ప తల వంచుకుంది.

ఆమెకి నాలుగో నెల.