ఒక్కటే తాడు

నది ఒడ్డున ఉన్న ఆ రాఫ్టింగ్ కంపెనీలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. గైడ్లూ, వ్యాను డ్రైవర్లూ, చివరికి యజమాని కూడా అతుకులక్క అనే అనేవారు. రాళ్లకు కోసుకుపోయి వచ్చిన రాఫ్టులనే రబ్బరు పడవలకు అతుకులు వెయ్యడం ఆమె పని. రేకుల షెడ్డులో, గమ్ము వాసన మధ్య, రాఫ్టును బోర్లించి సబ్బునీళ్లు పూసేది. ఎక్కడ బుడగ లేస్తే అక్కడ గరుకు కాగితంతో రుద్ది, ముక్క అంటించి, ఒంటి బరువంతా వేసి ఒత్తేది. రాఫ్టు చిరిగినా అక్క అతుకు మాత్రం చిరగదని గైడ్లు నవ్వేవారు. లైఫ్ జాకెట్లు ఆరబెట్టడం, వాటి బకిళ్లు సరిచూడడం, వచ్చిన గెస్టులకు తొడిగి పట్టీలు బిగించడం కూడా ఆమె చేతిమీదే జరిగేది.

ఆమె భర్తను సరంగు అనేవారు. అక్కడ అతనే పెద్ద గైడు. ఏ రాయి ఎప్పుడు తల ఎత్తుతుందో, ఎప్పుడు మునిగి మాటు వేస్తుందో అతనికి కొట్టినపిండి. మాట మాత్రం మహా పొదుపు. నోట్లో ముత్యాలున్నాయేమో, రాలిపోతాయని భయమేమో అని ఆమె దెప్పుతూ ఉండేది.

ఆ ఇంట్లో మూడో మనిషి ఆమె తమ్ముడు. అందరికీ వాడు చిన్నోడు. పేరుకే చిన్నోడు కానీ, గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు రాదు. తల్లి పోయేనాటికి వాడికి పాలపళ్లు కూడా ఊడలేదు. అక్కే తల దువ్వింది, అక్కే బడికి పంపింది, బడి ఎగ్గొట్టి నదిలో దూకితే అక్కే వీపు విమానం మోత మోగించింది. పెళ్లి మాటలప్పుడు ఆమె సరంగుకు పెట్టిన షరతు ఒక్కటే, తనతో పాటు తమ్ముడూ వస్తాడని. సరంగు వాణ్ణి ఎగాదిగా చూసి ఈత వచ్చా అని అడిగాడు. వచ్చన్నాడు వాడు. అంతటితో సంబంధం ఖాయమైపోయింది.

బావే వాడికి తెడ్డు పట్టడం నేర్పాడు. సరంగు నోట వరసగా నాలుగు మాటలు రావాలంటే అది నదిమీదే రావాలి, వాడితోనే రావాలి. ఏళ్లు గడిచేసరికి చిన్నోడు కయాక్ నడపడంలో ఆరితేరాడు. నడుం దాకా లోపలికి దూరి కూర్చునే ఆ ఒంటరి పడవలో రాఫ్టు కన్నా ముందు పోయి, నీళ్లు రాళ్లమీద విరుచుకుపడే ఉరవడి దిగువన కాచుకుని ఉండి, నీళ్లలో పడినవాళ్లను ఒడ్డు చేర్చడం వాడి పని. నదిలో ప్రతి చోటుకీ పేర్లు పెట్టిందీ వాడే. నీళ్లు గుండ్రంగా తిరిగే చోటు రోలు. అన్నిటికన్నా పెద్ద ఉరవడి అత్తగారు. ఎందుకురా ఆ పేరు అంటే, దూరం నుంచే గొంతు వినబడుతుందనీ, తప్పించుకుని పోవడానికి పక్కదారి ఉండదనీ, దాటి వచ్చాక కూడా గుండెదడ తగ్గదనీ చెప్పేవాడు. పెళ్లి కాకుండానే నీకింత అనుభవం ఎక్కడిదిరా అని అక్క పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. గెస్టులకు కూడా ఆ పేరే అలవాటైపోయింది.

గెస్టులకు జాకెట్లు తొడిగేటప్పుడు ఆమె ఎప్పుడూ ఒక మాట చెప్పేది. "భయపడకండి. పడవ తిరగబడితే మావాళ్లు ముందు మిమ్మల్నే తీస్తారు. మావాళ్ల సంగతి మేం చూసుకుంటాం." గైడ్లందరూ పాటించే పద్ధతే అది. దాన్ని ఆమె అంత ధీమాగా చెబుతుంటే, వణుకుతూ వచ్చినవాళ్లు కూడా నవ్వుతూ వ్యాను ఎక్కేవారు.

ఆ రోజు పొద్దున నది కాస్త పెరిగింది. ఎగువన వాన పడిందన్నారు. ఒడ్డు రాతిమీద ఎర్ర రంగు గీత మునిగితే ఆ రోజుకి పడవలు దించరు. గీత ఇంకా నీటికి పైనే ఉంది. చిన్నోడు హెల్మెట్ పెట్టుకుంటూ, జుట్టు కళ్లలో పడుతోంది, సాయంత్రం కత్తిరించాలక్కా అన్నాడు. వాడి జుట్టు ఎప్పుడూ ఆమే కత్తిరించేది. సరేలే, చెవి కూడా కోస్తాను, అప్పుడన్నా చెప్పిన మాట వింటావు అందామె. వాడు చెవి మూసుకుని పరిగెత్తాడు.

తర్వాత జరిగింది ఆమె కళ్లారా చూడలేదు. తలా ఒక ముక్క చెప్పగా విన్నది.

వానకి ఎక్కడో కూలిన చెట్టొకటి కొట్టుకొచ్చి, అత్తగారి దిగువన రాళ్ల మధ్య ఇరుక్కుని ఉంది. నీళ్ల కింద ఉండడంతో ఎవరికీ కనబడలేదు. సరంగు రాఫ్టు ఉరవడి మధ్యలో తిరగబడింది. నలుగురు గెస్టులు బోర్లపడిన రాఫ్టునే పట్టుకుని సరంగుతో పాటు ఒడ్డుకు చేరారు. ఒక పళ్ల డాక్టరూ ఆమె భర్తా మాత్రం విడిపోయి, దిగువన నది కిందికి దూకే చోటు వైపు కొట్టుకుపోసాగారు. అక్కడినుంచి పడితే అడుగంతా బండరాళ్లే. వాళ్ల కోసం చిన్నోడు కయాకును నదికి అడ్డంగా తిప్పాడు. నీటి ఉధృతి దాన్ని తీసుకెళ్లి ఆ చెట్టుకేసి అదిమేసింది. కాళ్లు కయాకులో ఇరుక్కున్నాయి. వాడు పైకి లేచిన ఒక కొమ్మను పట్టుకుని తల నీళ్ల పైకి ఎత్తి ఉంచాడు.

సరంగు దగ్గర ఉన్నది ఒక్కటే తాడు. సంచిలో చుట్టి ఉన్న తాడు అది. విసిరితే ఒక వైపుకే. మళ్లీ విసరాలంటే లాగి, పోగుచేసి, తడి బరువుతో వెయ్యాలి. రెండో రాఫ్టు ఇంకా ఎగువనే ఉంది. అతను బండరాయి ఎక్కి గెస్టులకు వేశాడు. భార్యాభర్తలిద్దరూ దాన్ని పట్టుకున్నారు. ఇద్దర్నీ లాగి పడేసి, తాడు పోగుచేసుకుని ఇటు తిరిగేసరికి కొమ్మ ఊగుతోంది. దాన్ని పట్టుకున్న చెయ్యి లేదు.

వ్యాను తిరిగొచ్చినప్పుడు ఆమె షెడ్డులో ఉంది. ఎప్పుడూ కేకలేసుకుంటూ దిగేవాళ్లు ఆ రోజు తలుపు దగ్గరే ఆగిపోయారు. సరంగు ఒక్కడే తడిబట్టలతో లోపలికి వచ్చాడు. చిన్నోడేడని ఆమె అడిగింది. బయటనుంచి ఇంకో గైడు చెప్పాడు.

దిగువన వంపు దగ్గర దొరికాడు వాడు. తెచ్చి షెడ్డు ముందు పడుకోబెట్టినప్పుడు జుట్టు కళ్లమీద అంటుకుపోయి ఉంది. ఆమె వేళ్లతో వెనక్కి దువ్వింది. దువ్వుతూనే, తల ఎత్తకుండా భర్తను అడిగింది.

"తాడు ఎవరికి వేశావు?"

"గెస్టులకి."

ఆమె తల ఊపింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో మాటలు లేవు. అన్నం పెట్టాను, నీళ్లు వస్తున్నాయి, తలుపు వెయ్యి. అంతవరకే. ఆమె తిట్టి ఉంటే, శాపనార్థాలు పెట్టి ఉంటే సరంగుకు ఊపిరి ఆడేదేమో. ఆమె తిట్టలేకపోయింది. ఏమని తిడుతుంది? పక్కింటి గైడు భార్య ఓదార్చడానికి వచ్చి, మీ ఆయన పద్ధతి ప్రకారమే చేశాడమ్మా, ఆయన్ని తప్పుపట్టకు అంది. ఆమె నెమ్మదిగా, "పద్ధతి నాకు తెలుసు. అందరికీ చెప్పేదాన్ని నేనే" అంది. తప్పు చేసినవాణ్ణయితే ఎప్పటికో ఒకప్పటికి క్షమించవచ్చు. ఏ తప్పూ చెయ్యనివాణ్ణి క్షమించడం ఎలాగో ఆమెకు అంతుపట్టలేదు.

అతుకులు వేస్తూనే ఉంది. జాకెట్లు ఆరబెడుతూనే ఉంది. గెస్టులకు తొడగడానికి మాత్రం రానంది. యజమాని కారణం అడగలేదు, ఆ పని వేరే మనిషికి అప్పగించాడు. సరంగు తెడ్డు ముట్టుకోవడం మానేశాడు. రాఫ్టులు మొయ్యడం, వ్యాను కడగడం, ఏ పని చెబితే అది చేసేవాడు. సాయంత్రం ఇంటి మెట్లమీద కూర్చునేవాడు. చిన్నోడి మంచం మీద దుప్పటి మడతపెట్టినది పెట్టినట్టే ఉండేది. ఇద్దరూ దానికి తగలకుండా పక్కనుంచి ఒదిగి నడిచేవారు.

మరుసటి ఏడు పడవలు మొదలయ్యే వేళకి పళ్ల డాక్టరు వచ్చింది. సన్నని మనిషి. చేతిలో ఏమీ తీసుకురాలేదు. ఏం తెచ్చినా తప్పే అవుతుందని తెలిసినదానిలా ఖాళీ చేతులతోనే షెడ్డు గుమ్మంలో నిలబడింది. తను ఎవరో చెప్పుకుని, రావడానికి ఇన్నాళ్లూ ధైర్యం చాలలేదంది. అక్క ఆమెకు ఒక బోర్లించిన డబ్బా చూపించి కూర్చోమంది. డాక్టరు షెడ్డంతా చూసి, జాకెట్లు చూసి, ఉన్నట్టుండి ఏడ్చింది.

"రోజూ ఆ గొంతే వినబడుతుందండీ నాకు. 'ముందు వాళ్లు, బావా. నేను పట్టుకునే ఉన్నా' అన్నాడు. నీళ్ల హోరులో కూడా స్పష్టంగా వినబడింది. మీకు తెలిసే ఉంటుంది."

అక్కకు తెలియదు. తెలియదని ఆమె పైకి అనలేదు. చేతిలో ఉన్న గరుకు కాగితాన్ని చిన్న చిన్న ముక్కలుగా చింపుతూ కూర్చుంది. డాక్టరు వెళ్లేటప్పుడు వ్యాను దాకా వెళ్లి ఎక్కించింది. మళ్లీ ఎప్పుడైనా రమ్మని మాత్రం అనలేకపోయింది.

ఆ సాయంత్రం సరంగు వంటింటి కుళాయికి కొత్త వాషరు బిగిస్తున్నాడు. ఆమె అతని వెనకే నిలబడింది.

"వాడు నీతో ఏదో అన్నాడట. కొమ్మ పట్టుకుని."

అతని చెయ్యి ఆగింది. "ఎవరు చెప్పారు?"

"డాక్టరమ్మ వచ్చింది. ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు నువ్వు?"

అతను పానా కింద పెట్టాడు. "చెప్తే చచ్చినవాడి వెనకాల దాక్కున్నట్టు ఉంటుంది. వాడు అనకపోయినా నేను అటే వేసేవాణ్ణి. వాడు నోరు తెరిచేలోపే నా చెయ్యి అటు లేచింది."

ఆమె ఇంకొక్కటే అడిగింది. ఏడాదిగా గొంతులో ముల్లులా ఉన్నది.

"వాళ్లని లాగుతున్నప్పుడు వాడివైపు చూశావా?"

"చూళ్లేదు."

"ఒక్కసారి కూడా?"

"చూస్తే తాడు వదిలేసేవాణ్ణి."

ఆమె గోడకి జారగిలబడి కింద కూర్చుంది. వాడు పోయాక ఆమె ఎవరి ముందూ ఏడవలేదు. ఇప్పుడు ఏడుపు కడుపులోంచి తెరలు తెరలుగా వచ్చింది. సరంగు పక్కన కూర్చుని భుజంమీద చెయ్యి వెయ్యబోయాడు. ఆమె ప్రమేయం లేకుండానే ఆమె భుజం వెనక్కి పోయింది. ఇద్దరూ అది గమనించారు. అతను చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నీ తప్పేం లేదు. ఆ సంగతి నాకు మొదటి రోజే తెలుసు" అంది ఏడుపు మధ్యనే. "కానీ నీ చేతులు చూస్తే నాకు ఆ తాడే కనిపిస్తోంది. నేనేం చెయ్యను?"

కొద్ది రోజుల తర్వాత, కొండలమీదికి జనాన్ని నడిపించే ట్రెక్కింగ్ కంపెనీ ఒకటి మనుషుల కోసం చూస్తోందని, తను అక్కడ చేరతానని సరంగు చెప్పాడు. ఆమె బట్టలు సర్దింది. వద్దనే మాట చాలాసార్లు నోటిదాకా వచ్చి అక్కడే ఆగింది.

చేపను కొండెక్కించినట్టే అయింది సరంగు పని. మొదట్లో గెస్టుల కన్నా ముందు అతనే ఆయాసపడేవాడు. బూట్లు కరిచి మడమలు పుళ్లయ్యాయి. మెల్లగా అలవాటు పడ్డాడు. అతను తీసుకెళ్లే దారిలో నది కనబడే మలుపు ఒకటుంది. ఫొటోల కోసం ఆగుదామని గెస్టులు బతిమాలినా అతను అక్కడ ఆపడని, మూగ గైడని పేరు పెట్టారని, కిందికి దిగి వచ్చినవాళ్లు ఆమెకు చెప్పేవారు. కొండమీద మంచు పడి దారులు మూసేసినప్పుడు ఇంటికి వచ్చేవాడు. ఇద్దరూ కలిసి తినేవారు. పైకప్పు కారడం గురించి, గమ్ము నాణ్యత పడిపోవడం గురించి మాట్లాడుకునేవారు. చిన్నోడి ఊసు ఎవరూ ఎత్తేవారు కాదు. మళ్లీ దారులు తెరుచుకోగానే అతను వెళ్లిపోయేవాడు. అలా జుట్టు నెరిసింది ఇద్దరికీ.

ఒక ఏడు అతను కాలం కాని కాలంలో దిగి వచ్చాడు. మోకాలు వాచి గుమ్మడికాయలా ఉంది. గెస్టు ఎవరో జారితే పట్టుకోబోయి తనే పడ్డాడట. ఆమె వేడినీళ్లు కాచి కాపడం పెట్టింది. రోజూ నూనె రాసి పట్టీ కట్టింది. రబ్బరు ముక్క ఒత్తినట్టు ఒత్తకు, ఇది మనిషి కాలు అన్నాడు అతను ఒక రోజు. ఆమె నవ్వింది. నవ్వాక ఇద్దరూ కాస్త తడబడ్డారు.

కాలు కుదుటపడి సంచి సర్దుకుంటున్నప్పుడు ఆమె తలుపు దగ్గర నిలబడింది.

"ఈ వయసులో కొండలెందుకు?"

అతను సంచి తాడు ముడి వెయ్యడం ఆపి చూశాడు. "ఉండిపొమ్మంటావా?"

ఆమె అతనితో ఏనాడూ అబద్ధమాడలేదు, ఇప్పుడూ ఆడదలచుకోలేదు.

"అనాలనే ఉంది" అంది.

ఆ మాటలో ఎంత ఉందో, ఎంత లేదో అతనికి అర్థమైంది. తల ఊపి ముడి బిగించాడు. ఆమె సంచికి ఒకవైపు తను పట్టుకుని బస్సు ఆగే చోటిదాకా నడిచింది. దారిలో అతను కుంటుతున్నాడని తన నడక తగ్గించింది. బస్సు వచ్చింది. మెట్టు ఎత్తుగా ఉండడంతో అతను కాలు ఎత్తలేక ఆగాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని ఎక్కించింది. పట్టుకున్నంతసేపూ కళ్లు మూసుకుని ఉంది.